వెయ్యి కాయల లెక్క

"ఆ సేటుకి గండేరా వెయ్యి ఎంతకి ఒప్పుకున్నామో కంప్యూటర్లో ఉంటుందిగా, తీసి చెప్పు" అన్నారు నాన్న. ఆ ధర మీద సేటు మాటకీ మా లెక్కకీ రెండేళ్ళుగా పొంతన కుదరట్లేదు. అప్పుడు విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. లేచి చెయ్యి కడుక్కునేలోపు జవాబు వచ్చేస్తుందనుకున్నారు పాపం. రెండు రోజులు వెతికాం, దొరకలేదు.

మాది అంబాజీపేట. కొబ్బరి కమీషన్ వ్యాపారం తాతగారి నాటి నుంచీ ఉంది. కోనసీమ బయటివాళ్ళ కోసం ఒక్క ముక్క: కాయని అటకెక్కించి నెలల తరబడి వదిలేస్తే లోపల నీరంతా ఇంకిపోయి, కొబ్బరి గుండు చిప్పని వదిలి గలగలలాడుతుంది. అదే కురిడీ. అందులో మంచి ధర పలికేది గండేరా, దాని కింద గటగట. ఇవి కాక నీటికాయ, ముక్కుడు కాయ, పచ్చికాయ. వీటన్నిటికీ ధర కాయకి చెప్పం, వెయ్యికి చెబుతాం. ఈ వెయ్యి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

2011లో నేను ఇంజినీరింగ్ చదువుతూ సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు కొట్టుకీ, గొడౌనుకీ, ఇంటికీ మధ్య కేబులు లాగి, పాత లాప్‌టాప్ ఒకదాన్ని సర్వరుగా పెట్టాను. అందులో ప్రోసడీ అనే చాట్ సర్వరు ప్రోగ్రాం, మిగతా ఆరు కంప్యూటర్లలో పిడ్జిన్ అనే చాట్ ప్రోగ్రాం. అప్పటిదాకా గుమాస్తా బాబాయి ధరని కొట్టు అరుగు మీంచి గొడౌను దాకా కేకేసి చెప్పేవాడు. ఆ కేక పక్క కొట్టువాళ్ళకి కూడా వినపడేది, అసలు బాధ అదీ. చాట్ వచ్చాక కేకలు ఆగాయి. వాట్సాప్ వచ్చాక అందరూ దీన్ని మానేస్తారనుకున్నాను, మానలేదు. 2022 మే నెలలో కోనసీమలో ఇంటర్నెట్ లేని రోజుల్లో ఊరంతా ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం చూస్తుంటే, మా కొట్టులో మాత్రం "పచ్చికాయ లోడు బయల్దేరింది" అని టింగుమంటూనే ఉంది. మన తీగ, మన లాప్‌టాప్, మధ్యలో ఎవరూ లేరు. అదే ఏడాది జూలైలో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటిపోయినప్పుడు బాబాయి టీవీ ముందు కూర్చుని అడుగులు, అంగుళాలు కొడుతూనే ఉన్నాడు. అవన్నీ ఇప్పటికీ లాగుల్లో, అంటే చాట్ దాచుకునే ఫైళ్ళలో, ఉన్నాయి.

ఈ ప్రోగ్రాం పేరు గురించి ఒక పక్కమాట. మొదట్లో దీని పేరు గెయిమ్. అమెరికా కంపెనీ ఏఓఎల్ వాళ్ళ చాట్ ప్రోగ్రాం ఎయిమ్ పేరుతో పేచీ వచ్చి 2007లో పిడ్జిన్ అని మార్చుకున్నారు. భాష కలవని వ్యాపారులు బేరం కోసం కలిపేసుకున్న సంకర భాషని పిడ్జిన్ అంటారు. మా కొట్టు చాట్ చూస్తే ఆ పేరు పెట్టినవాళ్ళు అంబాజీపేట వచ్చి వెళ్ళారేమో అనిపిస్తుంది. సగం తెలుగు, సగం రోమన్ లిపి, మధ్యలో సేట్ల కోసం హిందీ.

ఇక వెతకడం. పిడ్జిన్ ప్రతి సంభాషణనీ విడి హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసి, మనిషికో ఫోల్డరులో పడేస్తుంది. పన్నెండేళ్ళలో మాకు 18 వేల పైచిలుకు ఫైళ్ళు తయారయ్యాయి. వెతికే పెట్టెలో మాట కొడితే ఒక్కో ఫైలూ తెరుస్తుంది, చూస్తుంది, మూస్తుంది. రెండు నిమిషాలు దాటాక "ఏమీ లేదు" అంటుంది. బాబాయి ఆ రెండు నిమిషాలూ మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యడు, తీస్తే ఆగిపోతుందని ఆయన నమ్మకం.

నాకు చేతి దురద ఎక్కువ. మా మేనల్లుడు గేములాడి పక్కన పడేసిన జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) ఒకటి ఇంట్లో ఉంది. 768 కోర్లు, 4 జీబీ మెమరీ. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే బతికేస్తుంది, వేరే కరెంటు తీగ అక్కర్లేదు. మా ఇన్వర్టరు సంగతి తెలిసినవాళ్ళకి ఆ 75 విలువ తెలుస్తుంది. "దీంతో వెతికిస్తా చూడండి" అని ఇంట్లో ప్రకటించేశాను. "గేముల కార్డుతో కొబ్బరి లెక్కలేంటి మావయ్యా" అని మేనల్లుడు నవ్వాడు. వాడి నవ్వుకి కారణం వేరే అయినా, మొదటి వారం నవ్వే నెగ్గింది.

ఎందుకంటే, కార్డు బిగించేముందు అసలు ఆలస్యం ఎక్కడుందో కొలిచాను. ముందు చెయ్యాల్సిన పని అదే, నేను చేసింది మాత్రం నాలుగో రోజున. రెండు నిమిషాల్లో ముప్పాతిక పైన హార్డ్ డిస్కు మీద ఫైళ్ళు తెరవడానికే పోతోంది. 18 వేల గదులున్న సత్రంలో తలుపులు తట్టుకుంటూ పోవడం అన్నమాట. ఫైళ్ళలోని వెబ్ పేజీ గుర్తులు (ట్యాగులు) పీకేసి మొత్తం మాటల్ని ఒకే ఫైలులో పోసి చూస్తే, అదే పాత ప్రాసెసరు సెకను లోపే వెతికి పెట్టేసింది. జీపీయూ లేదు, ఏమీ లేదు. మేనల్లుడికి ఈ సంగతి నెల దాకా చెప్పలేదు.

అయినా సేటు ధర దొరకలేదు. అప్పుడర్థమైంది, వేగం ఒక్కటే కాదు జబ్బు. రాతది.

బాబాయి కురిడీని ఆరు రకాలుగా రాస్తాడు. రోమన్లో ఒకసారి చివర ఐ, ఒకసారి రెండు ఈలు, ఒకసారి డి బదులు ఆర్. గొడౌను కుర్రాడు తెలుగులో కొడతాడు గానీ దీర్ఘాలంటే వాడికి లెక్కలేదు. ఇద్దరూ మాటల మధ్య ఖాళీ వదలరు, "గండేరావెయ్యికి" అని ఒకే ఊపిరిలో కొట్టేస్తారు. కాబట్టి ఉన్నదున్నట్టు వెతికితే దొరకదు, దాని పోలికలో ఉన్నదాన్ని వెతకాలి. అదీ మాట మధ్యలోంచి. అదీ మనం అక్షరం కొడుతుండగానే. ఒక్కో మాటకి పన్నెండు రూపాలు తయారుచేసి, ఒకటి రెండు తప్పుల దాకా ఓర్చుకుంటూ మొత్తం గాలిస్తే, కొట్టులోని ప్రాసెసరుకి నాలుగైదు సెకన్లు పట్టింది. ప్రతి అక్షరానికీ నాలుగైదు సెకన్లు. అప్పుడు బిగించాను కార్డు.

పోలిక వెతకడానికి జీన్ మైయర్స్ 1999లో ప్రచురించిన పద్ధతి వాడాను. రెండు మాటల మధ్య ఎన్ని తప్పులున్నాయో లెక్కగట్టడానికి మామూలుగా ఒక పట్టిక నింపుకుంటూ పోవాలి. మైయర్స్ ఆ పట్టికలో ఒక నిలువు వరుసనంతా బిట్లుగా మార్చి రెండే రెండు సంఖ్యల్లో ఇరికించాడు, నా దగ్గర ఒక్కోటీ 64 బిట్లది. వెతికే మాట 64 అక్షరాలు దాటనంత కాలం, పాఠంలో ఒక్కో అక్షరానికీ పదిహేను ఇరవై చిన్న బిట్ల లెక్కలతో పని అయిపోతుంది. ఇందులో "అయితే ఇటు, కాకపోతే అటు" అన్న చీలికలు లేకుండానే రాసుకోవచ్చు. అది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

ఈ 64 అన్న హద్దు తెలుగుకి మొదట ఇరుకనిపించింది. కంప్యూటర్లో అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. "కొబ్బరి" అన్న మాటలో ఏడు గుర్తులు: క, ఒత్వం, బ, పొల్లు, మళ్ళీ బ, ర, గుడి. అంటే 21 బైట్లు. బైట్ల లెక్కన తప్పులెంచితే ఒక బకారం వత్తు మర్చిపోయినవాడు ఆరు తప్పులు చేసినట్టు లెక్క తేలుతుంది. బాబాయి మీద అంత నేరం మోపలేం కదా. ఒక రాత్రి ప్రపంచ లిపులకి నంబర్లిచ్చే యూనికోడ్ పట్టిక ముందేసుకుని కూర్చుంటే కనపడింది: తెలుగుకి కేటాయించిన గదులు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, సరిగ్గా 128. ఇంగ్లీషు అక్షరాల ఆస్కీ 128. రెండూ కలిపితే 256. ఒక్క బైటు! మూడు బైట్ల తెలుగుని ఒక బైటుకి దించేస్తే మా పన్నెండేళ్ళ కబుర్లన్నీ 52 ఎంబీలోకి వచ్చాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి, సంతోషంతోనే.

ఆ 256 గడుల్లో చోటు దొరకనిది ఒకటుంది, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. ఇందాక నేను రాసిన "లాప్‌టాప్" మాటలో పొల్లు పక్కన అది దాక్కుని ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం వస్తే కుప్పకూలేవి, గుర్తుందా? జ్ఞా. జ, పొల్లు, ఞ, ఆ పైన ఈ కనపడని గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఆ వరస పడితే సందేశాల యాప్ మూసుకుపోయేది, 11.2.6 నవీకరణతో సర్దుకుంది. మన అక్షరం ఒకటి ప్రపంచమంతా వార్తల్లోకెక్కిన సందర్భం అది. ఈ వెతుకులాట కోసం నేను రాసిన లైబ్రరీలో, అంటే వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడులో, దాన్ని గుమ్మంలోనే వదిలించేశాను.

శ, ష, స తేడాలూ, ఇ ఈ తేడాలూ, క ఖ తేడాలూ ఉచితంగానే వచ్చేశాయి. మైయర్స్ పద్ధతిలో ప్రతి గుర్తుకీ "ఇది మాటలో ఎక్కడెక్కడుంది" అని చెప్పే ఒక వరస ఉంటుంది. క ఉన్న చోట ఖ వరసలోనూ, రోమన్ కె వరసలోనూ అదే బిట్టు వెలిగిస్తే సరి. "కురిడీ"లో ఆరు గుర్తులు, రోమన్లో రాస్తే ఆరు అక్షరాలు, కె యు ఆర్ ఐ డి ఐ. ఒకదాని కింద ఒకటి అచ్చంగా కూర్చుంటాయి. ఆ మాట చూసుకుని పొంగిపోయాను. తర్వాత "గటగట" ఎదురైంది. తెలుగులో నాలుగు గుర్తులు, రోమన్లో ఎనిమిది. మన హల్లులో దాగిన అకారం రోమన్లో బయటికొచ్చి కూర్చుంటుంది. ఒకటి రెండు తప్పులు ఓర్చుకునే యంత్రానికి నాలుగు ఎక్కువ ఎలా చెప్పాలి? అందుకే పన్నెండు రూపాలు. అకారం రాసిన రూపం, మింగిన రూపం, ద్విత్వం తీసేసిన రూపం, అలా.

ఇప్పుడు జీపీయూ. ఇది నేను నాన్నకి వివరించిన తీరులోనే చెబుతాను. ఊడ్పుల ముఠాని చూశారు కదా. 32 మంది ఒకే వరసలో వంగి, ఒకే లయలో నారు గుచ్చుకుంటూ వెనక్కి జరుగుతారు. ఎన్‌విడియా కార్డులో దారాలు (థ్రెడ్లు, పక్కపక్కన నడిచే పనులు) సరిగ్గా అలాగే 32 మంది ముఠాలుగా నడుస్తాయి. అందరూ ఒకే సమయంలో ఒకే పని చెయ్యాలి. ఒకామె నడుమెత్తి కాల్లో గుచ్చుకున్న ముల్లు తీసుకుంటుంటే మిగతా 31 మందీ నిలబడి చూస్తుండాలి. చీలికలు లేని లెక్క కావాలన్నది అందుకే. మైయర్స్ లెక్కలో ఎవరికీ ముల్లు గుచ్చుకోదు.

నాన్న అంతా విని, "మరి ముఠాని ఎన్ని మొక్కలకి పిలుస్తున్నావు?" అన్నారు.

ఆయన అడగక ముందు దాకా నేను చేసింది చెప్పడానికే సిగ్గుగా ఉంది. నా లైబ్రరీ మొదటి రూపంలో ఫంక్షను ఒక సందేశాన్ని తీసుకుని, కార్డుకి పంపి, జవాబు తెచ్చేది. శుభ్రంగా, ముచ్చటగా ఉండేది. మొత్తం సందేశాలు తొమ్మిది లక్షల దరిదాపు. ఒక్కో రాకపోకకీ ముప్పై మైక్రోసెకన్లే, ఏమంత లెక్కనుకున్నాను. గుణించి చూడండి, దగ్గర దగ్గర అరనిమిషం. ప్రాసెసరు ఒక్కటే నాలుగైదు సెకన్లలో చేసిన పని! కార్డు మొత్తం సమయంలో పని చేసింది లేశమాత్రం, మిగతాదంతా దారి ఖర్చు. ఒక్క కాయ వేసుకుని లారీ రాజమండ్రి వెళ్ళొచ్చినట్టు, తొమ్మిది లక్షల సార్లు.

"కాయ లెక్కన ఎవడమ్ముతాడ్రా, వెయ్యి నిండేదాకా రాశి పోస్తాం గదా" అన్నారు నాన్న. ఆయన వ్యంగ్యంగా కూడా అనలేదు, నాకు ఇంత మాత్రం తెలియదా అని ఆశ్చర్యపడ్డారు.

ఆ రాత్రే లైబ్రరీలో ఫంక్షన్ల జాబితా ఉండే హెడరు ఫైలు చెరిపేసి మళ్ళీ రాశాను. ఇప్పుడందులో ఒక సందేశాన్ని తీసుకునే ఫంక్షనే లేదు. కావాలని తీసేశాను. ఎవరు ఏ ప్లగిన్ (పిడ్జిన్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) రాసినా రాశి ఇవ్వాల్సిందే. నాలుగే ఫంక్షన్లు: రాశి తెరువు, రాశిలో పొయ్యి, రాశిని పంపు, జవాబు అందుకో. పేర్లు కూడా కోడులో అవే పెట్టాను, రోమన్ లిపిలో. పాత లాగులన్నీ ఒక్కసారి కార్డు మెమరీలోకెక్కి అక్కడే ఉండిపోతాయి, వెతికే మాట ఒక్కటే ప్రతిసారీ ప్రయాణం చేస్తుంది. కొత్తగా వచ్చే సందేశాలు? వాటికి బయట ఒక బుట్ట. పిడ్జిన్ సందేశం రాగానే ఒక సిగ్నల్ ఇస్తుంది, ప్లగిన్ దాన్ని పట్టుకుని బుట్టలో పడేస్తుంది. బుట్టలో ఉన్నవాటిని ప్రాసెసరే వెతుకుతుంది, ఎంతని, వెయ్యి లోపే కదా. వెయ్యి నిండితే అన్నీ కలిపి కార్డుకి వెళ్తాయి. నిజానికి మా కార్డుకి ఇంకా పెద్ద రాశే లాభం, కొలిచి చూశాను. అయినా వెయ్యే ఉంచాను.

52 ఎంబీని 1,024 గుర్తుల మడులుగా కోసి, మడికొక దారాన్ని పెట్టాను. సుమారు 50 వేల దారాలు. పన్నెండు రూపాలూ కలిపి పదో వంతు సెకను లోపల తేలిపోతున్నాయి. బాబాయి మౌస్ మీద చెయ్యి వేసేలోపే.

అంత సాఫీగా అయితే ఈ టపా ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. మొదటి తప్పు లెక్కలోనే. మా కళ్ళాల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... ఏడు దగ్గర కూడా "ఆరున్నొకటి" అంటారు, ఏడుపు మాట నోట రాకూడదని. జీపీయూలో కూడా మొదటి దారం ఒకటి కాదు, సున్నా. నేను ఒకటి నుంచి మొదలెట్టి మొదటి మడిని మొత్తంగా వదిలేశాను. 2011 సంక్రాంతి నాటి మొదటి సందేశాలు కనపడకపోతుంటే అవి పాడైపోయాయనుకున్నాను కొన్నాళ్ళు. అందులో మొదటిది బాబాయిదే: "పనిచేస్తోందా".

రెండోది గట్టు తగాదా. గట్టు మీద మొలిచిన చెట్టు ఎవరిదంటే ఇద్దరు రైతులూ నాదంటారు. మడుల మధ్య గట్టు మీద పడ్డ మాటని మాత్రం రెండు దారాలూ నాది కాదన్నాయి. "గండే" ఈ మడి చివర, "రా" ఆ మడి మొదట. దొరికేది కాదు, దొరకట్లేదని తెలిసేదీ కాదు, అది ఇంకా ప్రమాదం. ప్రతి దారం పక్క మడిలోకి మాట పొడవంత, తప్పులకి మరికొంత తొంగి చూసేలా మార్చాను. ఇప్పుడు గట్టు మీది మాట ఇద్దరికీ దొరుకుతోంది, రెండుసార్లు దొరికినదాన్ని ఒకటి చెయ్యడానికి ఇంకో పది వరసలు రాయాల్సొచ్చింది.

మూడోది నా బద్ధకం. పిడ్జిన్ కింద ఉండి అసలు చాట్ పని చేసే లిబ్‌పర్పుల్ ఒక్క దారం మీదే నడుస్తుంది. వేరే దారంలోంచి దాని కిటికీలని ముట్టుకుంటే ఎప్పుడు పడిపోతుందో తెలియదు. అందుకని జవాబు సిద్ధమయ్యాక "నీకు తీరినప్పుడు ఈ ఫంక్షన్ పిలువు" అని జీ-ఐడిల్-యాడ్ అనే పిలుపు ద్వారా ముఖ్య దారానికి అప్పగించాలి. ఆ ఫంక్షను చివర ఫాల్స్ అంటే ఒక్కసారి చేసి మర్చిపోతుంది. ట్రూ అంటే మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంటుంది. నేను ట్రూ రాశాను. పైగా ఆ ఫంక్షనే తర్వాతి రాశిని పంపేది. మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఉన్నాం. కార్డు ఫ్యాను విమానంలా మోగడం మొదలెట్టింది, ఇన్వర్టరు కీచుకీచుమంటోంది, అమ్మ లోపల్నుంచి "ఆ మిక్సీ ఎవర్రా ఆపనిది" అని కేకేసింది.

నాలుగోది బాబాయి కంప్యూటర్లో. ఆయనది విండోస్, ప్రాసెసరుతో పాటు వచ్చిన చిన్న ఇంటెల్ గ్రాఫిక్సే. అందుకనే నేను ఎన్‌విడియా కార్డులకే పనికొచ్చే క్యూడా వదిలేసి ఓపెన్‌సీఎల్‌లో రాశాను, అది రెండిటి మీదా నడుస్తుంది. నడిచింది కూడా, తెర నల్లబడేదాకా. లారీ వాకిట్లో ఉంది, బిల్లు ప్రింటవ్వాలి, బాబాయి "గటగట" అని కొట్టాడు, తెర ఆరిపోయింది. విండోస్‌లో ఒక కాపలా నియమం ఉంది: గ్రాఫిక్స్ కార్డు ఒకే పని మీద రెండు సెకన్లకి మించి పలక్కుండా ఉంటే, చచ్చిపోయిందనుకుని కార్డుని నడిపే ప్రోగ్రాంని (డ్రైవర్‌ని) లేపి మళ్ళీ మొదలెడుతుంది. నేను 52 ఎంబీ, పన్నెండు రూపాలు, మొత్తం ఒకే మోపుగా దాని నెత్తిన పెట్టాను. నా కార్డు మొయ్యగలదు, ఆయనది ఎక్కడ మోస్తుంది? తెర రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది గానీ పిడ్జిన్ రాలేదు. "ఆయ్, మన చాటు మంచిదే బాబూ, నువ్వే దానికేదో పెట్టావు" అన్నాడు బాబాయి. అంతకన్నా సరైన బగ్ రిపోర్టు నాకు ఉద్యోగంలో కూడా రాలేదు.

ఆ దెబ్బతో రెండు మార్పులు. మోపుని చిన్న చిన్న కట్టలు చేసి, ఒక్కో కట్టా సెకనులో పదో వంతు దాటకుండా కార్డు సత్తాని బట్టి సైజు అదే సరిచూసుకునేలా రాశాను. రెండోది, జీపీయూ పనినంతా పిడ్జిన్ లోంచి తీసి వేరే ప్రోగ్రాంగా పెట్టాను. విండోస్‌లో పిడ్జిన్ 2 ఎటూ 32 బిట్ల ప్రోగ్రామే, మెమరీ దగ్గర ఇరుకు. ఇప్పుడు పక్క ప్రోగ్రాం 64 బిట్లది, పైపు ద్వారా మాట్లాడుకుంటాయి. డ్రైవర్ చచ్చినా ఆ ప్రోగ్రామే పోతుంది, చాట్ బతుకుతుంది. వెతుకులాట ప్రాసెసరు మీద నెమ్మదిగా సాగుతుంది, అంతే.

ఇంత లైబ్రరీ ఉందిగా అని ఫోటోల ప్లగిన్ కూడా రాశాను, గొడౌను కుర్రాడు పంపే కాయల ఫోటోల్ని కార్డు మీద కుదించడానికి. పనికి రాలేదు. జేపెగ్ విప్పేది ప్రాసెసరే, విప్పిన పెద్ద బొమ్మని కార్డు దాకా మోసుకెళ్ళి, కుదించి, మళ్ళీ తెచ్చుకునేలోపు ప్రాసెసరు ఇక్కడే కుదించేసేది. రోజుకి పదిహేను ఫోటోలొస్తాయి. వెయ్యి నిండాలంటే రెండు నెలలు, అంటే చెట్ల మీంచి కాయల ఒక దింపుకీ ఇంకో దింపుకీ మధ్య కాలం. తీసేశాను.

సేటు ధర దొరికింది. 2019 కార్తీక మాసంలో బాబాయి గొడౌనుకి పంపిన సందేశం. గండేరాని "గన్డేర" అని తెలుగులో కొట్టాడు, పొల్లు నకారంతో. వెయ్యికి ఎంతో, కమీషను ఎవరిదో స్పష్టంగా ఉంది. సేటు చెప్పిందే నిజం. మేమే పొరపాటు పడ్డాం.

నాన్న కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. బాబాయి నేల చూపులు చూస్తున్నాడు. "తేడా సొమ్ము రేపే పంపించెయ్" అన్నారు నాన్న. కాసేపాగి నా వైపు తిరిగి, "ఇది ముందే దొరికుంటే రెండేళ్ళు ఆయన్ని అనుమానించే పని తప్పేది" అన్నారు. నెల తిరక్కుండా సేటు దగ్గర్నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. ఫోన్లో మాట్లాడి, బాబాయి గొడౌనుకి కొట్టాడు. ఇప్పుడాయన జాగ్రత్తపడుతున్నాడు, తను రాసిందంతా దొరికిపోతుందని. అందుకని ఎవరికీ అనుమానం రాకుండా శుద్ధంగా రాద్దామని, గండేరాని "గణ్డేరా" అని మూర్ధన్య ణకారంతో కొట్టాడు.

అది నా పన్నెండు రూపాల్లో లేదు. పట్టిక మళ్ళీ తెరిచాను, పదమూడోది చేరుస్తున్నాను.